చక్రాల ఇంటి తలుపు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషెవరో ఇంటికి చక్రాలు పెట్టి చూసి ఉండడు. చూసి ఉంటే మూడో మాట కూడా చేర్చేవాడు. బర్మాలోని యాంగోన్‌లో మార్గరెట్ నాలుగేళ్ళుగా చక్రాల మీదే కాపురం చేస్తోంది. డిసెంబరు వచ్చిందంటే ఆవిడకి ఒళ్ళు మండడం మొదలవుతుంది.

ఆ ఇల్లు ఒక పాత జపాన్ బస్సు. ఆవిడ భర్త విలియం దాన్ని ఏళ్ళ తరబడి సిటీ లైనులో తోలాడు. కొత్త బస్సులొచ్చి పాతవాటిని లైను నుంచి తీసేసినప్పుడు, తుక్కు కింద పోవలసినదాన్ని తనే కొని తెచ్చుకున్నాడు. ఊరి నడుమ చౌక్తడాలో వాళ్ళు అద్దెకుండే మేడను యజమాని ఖాళీ చేయించాక, సీట్లు పీకేసి, వెనక మంచం వేసి, చక్రం పైనున్న దిమ్మను పొయ్యిగట్టు చేశాడు. ఇక అద్దె లేదు, ఇంటాయన లేడు అని మురిసిపోయాడు. ఇంటాయన లేని మాట నిజమే గానీ, బండి నిలిపే జాగాకి ఎప్పుడూ ఎవరో ఒక ఆసామి ఉంటాడు. అతనికి కోపమొస్తే ఇల్లు కదలాలి, చుట్టాలొచ్చినా కదలాలి. మొదట ఒక బియ్యం గోదాము వెనక ఉన్నారు. తర్వాత మింగళాడోన్‌లో ఒక షెడ్డు పక్కన. ఇప్పుడు నది దాటి తన్లిన్‌లో, ఊ సో గారి ఇనప తుక్కు యార్డులో. అక్కడ నేల పల్లం. బస్సు ఒరిగి ఉంటుంది కనక మూకుట్లో నూనె కూడా ఒక పక్కకే చేరుతుంది. చెక్కలు సగం ఎర్రగా, సగం పాలిపోయి వస్తాయి. ఇదేమిటని విలియం ఒకసారి అడిగాడు. మళ్ళీ అడగలేదు.

ఇవన్నీ ఆవిడ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే, క్యారల్స్.

వాళ్ళ తెలుగు బాప్టిస్టు సంఘంలో క్రిస్మస్ ముందు పాటలవాళ్ళు ఇంటింటికీ వస్తారు. దానికి తాతల నాటి పద్ధతి ఒకటుంది. వాకిట్లో మొదటి పాట పూర్తయ్యేదాకా తలుపు మూసే ఉండాలి. పాట అయ్యాక ఇల్లాలు కొవ్వొత్తి పట్టుకుని తలుపు తీసి, లోపలికి రమ్మని పిలవాలి. అప్పుడే ప్రార్థన, ఆ తర్వాతే టీ, చెక్కలు. చిన్నప్పుడు తల్లి కొంగు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, చీకట్లో తలుపు వెనక నిలబడేది మార్గరెట్. ఆవిడ మనసులో క్రిస్మస్ అంటే ఆ పాటంతసేపే.

బస్సెక్కాక పాటలవాళ్ళు ఒక్కసారీ రాలేదు. మొదటి ఏడు, ఎక్కడున్నారో తెలియలేదన్నారు. మరుసటి ఏడు చెప్పిన చోటికే వచ్చారట, తీరా చూస్తే అక్కడ బస్సు లేదు. ఆ పూటే గోదామువాళ్ళు కదపమన్నారు మరి. పోయినేడు షెడ్డు ఆసామి ఇంటికి చుట్టాలొచ్చి, వీళ్ళ పండగ రోడ్డు పక్కన, పెట్రోలు బంకు గోడవార తెల్లారింది. ఆ తర్వాత ఒక ఆదివారం చర్చి మెట్ల మీద ఒకావిడ నవ్వుతూనే, "ఇల్లున్నోళ్ళకి కదేటి క్యారల్స్" అంది. తను నాలుగేళ్ళుగా ఊడ్చి, తుడిచి, వండి పెడుతున్నది ఇల్లు కాకపోతే మరేమిటో మార్గరెట్‌కి అర్థం కాలేదు. ఆ మాట చేపముల్లులా గొంతులోనే ఉండిపోయింది.

అందుకే ఈ ఏడు ముందే పట్టు పట్టింది. అక్క కూతురు సోఫియా ఇప్పుడు పాటల జట్టుకి పెద్ద. ఆ పిల్ల చేత తన్లిన్ వస్తామని మాట తీసుకుంది. దేశంలో గొడవల వల్ల ఈ రోజుల్లో చీకటి పడ్డాక ఎవరూ తిరగడం లేదు కనక వెలుగుండగానే వచ్చి వెళ్ళిపోతామంది సోఫియా. మార్గరెట్ తనే ఊ సో గారి దగ్గరికి వెళ్ళి, ఆ ఒక్కరోజు బస్సు కదపమనొద్దని వేడుకుంది. ఆయన తలూపాడు. విలియంకి మాత్రం వారం రోజులూ చెప్పిందే చెప్పింది: ఇల్లు ఇంచీ జరగడానికి వీల్లేదు.

శనివారం పొద్దున్నే మంచి చీర ఉతికింది. బస్సు కిటికీ ఊచకీ కంచె స్తంభానికీ కట్టిన తాడు మీద ఆరేసింది. డబ్బా నిండా చెక్కలు పెట్టింది. తలుపుకి కాగితం నక్షత్రం కట్టింది. ఫోను బస్సు బ్యాటరీకి తగిలించి, టీలోకి డబ్బాపాలు తేవడానికి బజారుకెళ్ళింది.

తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు.

ఇల్లున్న చోట చక్రాలకి అడ్డం పెట్టే ఇటుకలు నాలుగు, నూనె మరక ఒకటి మిగిలాయి. తాడు విప్పాలని కూడా మొగుడికి తోచలేదు. అది తెగి, మంచి చీర బురదలో పడి ఉంది, దాని మీద టైరు అచ్చు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. కాపలా ముసలాయన్ని అడిగితే, కో విలియం, అదే విలియమన్న, కంగారుగా వంతెన వైపు తోలుకుపోయాడని చెప్పాడు. ఎందుకో ఆయనకి తెలియదు. ఫోను చేద్దామంటే ఫోను కూడా ఇంటితో పాటే పోయింది.

మార్గరెట్ ఒక ఇటుక మీద కూర్చుంది. ఊ సో గారు మాట తప్పాడేమో అనుకుంది. మొగుడు ఎవరికో బస్సు బాడుగకి ఒప్పుకున్నాడేమో అని కూడా అనుకుంది, ఆ మనిషి తగుదునమ్మా అని ఎంతకైనా తయారే. కారణం ఏదైతేనేం. కాసేపట్లో పాటలవాళ్ళు వస్తారు. ఇంత దూరం వచ్చి, ఇటుక మీద కూర్చున్న ఆడదాన్నీ, పక్కన పాల డబ్బానీ చూస్తారు. ఆ చర్చి మెట్ల మీది మాటే నిజమవుతుంది. ఆవిడకి ఏడుపు రాలేదు. కోపం ఏడుపుకి చోటివ్వలేదు.

నీడలు పొడుగవుతున్న వేళ గేటు దగ్గర హారన్ వినిపించింది. ఆ బొంగురు గొంతు హారన్ ఊళ్ళో ఇంకే బండికీ లేదు. బస్సు ఊగుతూ లోపలికొచ్చింది, నక్షత్రం ఒక కాలు ఊడి వేలాడుతోంది. కిటికీల నిండా జనం, గిటారు, పాట. అందరూ ఆవిడ మంచం మీదా, పెట్టెల మీదా కూర్చుని ఉన్నారు.

విలియం కిందికి దూకి, పెళ్ళాం మొహం చూసి అక్కడే ఆగిపోయాడు. పాటలవాళ్ళు మాట్లాడుకున్న డైనా ట్రక్కువాడు డీజిల్ దొరకలేదని చివర్లో చెయ్యిచ్చాడట. ఈ ఏడు రాలేమని సోఫియా మార్గరెట్ ఫోనుకే చేస్తే ఇతనెత్తాడు. రాత్రి దీపాలకని దాచిన జనరేటరు డీజిలంతా ట్యాంకులో పోసి బయల్దేరాడు.

"మరేటి సేస్తాను? ఈ ఏడూ రారని నీకు సెప్పడానికి నోరు రానేదు. అందుకే ఇల్లే అట్టుకెల్లిపోనాను" అన్నాడు.

ఆ మాటకి ఆవిడ కోపం సగం చల్లారేదే. కానీ సరిగ్గా అప్పుడే, జట్టులో ఎవరో పెద్దావిడ మెట్టు మీదికి వంగి, ప్రేమగా చెయ్యి చాచి, "అక్కడే నిలబడిపోనావేటమ్మా, లోపలికి రా" అంది.

నాలుగేళ్ళుగా తను దాచుకున్న పిలుపు. తన గుమ్మంలో, తనకే.

మార్గరెట్ ఆ చెయ్యి పట్టుకోలేదు.

"దిగండి" అంది. పాట ఆగిపోయింది. "అందరూ దిగండి. సోఫియా, నువ్వూ దిగు."

"పిన్నీ, ఏటైంది?"

"నా ఇంటికి పాటకొచ్చినోళ్ళు బయట నిలబడాల."

ఒకరి మొహాలొకరు చూసుకుంటూ అందరూ దిగారు. ఆవిడ ఎక్కి, మడత తలుపు లాగింది. అది ఎప్పటిలాగే సగంలో పట్టేసింది. కాలితో ఒక్కటి తన్నితే మూసుకుంది. లోపల దుప్పటి నలిగిపోయి ఉంది. చెక్కల డబ్బా మూత తీసి ఉంది, అడుగున రెండు ముక్కలూ కాస్త పొడీ. వంతెన మీద ట్రాఫిక్‌లో ఆకలేసి ఉంటుంది. ఆవిడ పళ్ళు కొరికింది. అగ్గిపెట్టె వెతికి కొవ్వొత్తి వెలిగించింది.

బయట గుసగుసలు. తర్వాత సోఫియా గొంతు సన్నగా మొదలుపెట్టింది, మిగతావాళ్ళు అందుకున్నారు. శ్రుతి తప్పి వినిపించేది విలియం గొంతు. మార్గరెట్ తలుపు వెనక బురద చీర చంకలో పెట్టుకుని నిలబడింది. ఊపిరి దానంతటదే బిగిసింది. మైనం వేళ్ళ మీద కారుతున్నా చెయ్యి కదపలేదు.

పాట అయిపోయింది. తలుపు లాగితే రాలేదు. అలవాటుకొద్దీ విలియం బయటినుంచి చెయ్యి వేశాడు.

"నువ్వు ముట్టుకోకు" అంది లోపలినుంచి.

రెండు చేతులూ కావాలి, ఒక చేతిలో కొవ్వొత్తి. భుజం ఆనించి నెట్టింది, ఇంకోసారి నెట్టింది. తలుపు మూలుగుతూ మడతపడింది. పొద్దు వాలిన యార్డులో, తుక్కు గుట్టల మధ్య, అందరూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"లోపలికి రండి" అంది మార్గరెట్. "సెక్కలు మీరే తినేసినారు. టీ ఉంది."