హడిల్ లేని ఆటలో తీన్మార్

నేను అమెరికన్ ఫుట్‌బాల్ చూడడం మొదలుపెట్టింది ఆట మీద ప్రేమతో కాదు. మా అమ్మాయి యూనివర్సిటీ బ్యాండ్‌లో డ్రమ్ వాయిస్తుంది. ఆ బ్యాండ్ స్టేడియంలో కూర్చుంటుంది. స్టేడియం మధ్యలో ఫుట్‌బాల్ కూడా జరుగుతూ ఉంటుంది. మా సంబంధం అంతవరకే.

మూడేళ్లు ఈ ఏర్పాటు బాగానే నడిచింది. ఆ ఆటలో నాకు నచ్చిన సుగుణం ఒకటుంది: ఆడేది తక్కువ, ఆగేది ఎక్కువ. అందరూ ఒకసారి గుద్దుకుని కుప్పగా పడతారు. లేచి, గుండ్రంగా గుమిగూడి, తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకుంటారు. దాన్ని హడిల్ అంటారు. తర్వాత ఏం చేయాలో అందులో తేల్చుకుని, మళ్లీ వచ్చి బారులు తీరి, మళ్లీ గుద్దుకుంటారు. ఒక్కో గుద్దుడుకి ప్లే అని పేరు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మనవాళ్లు పక్కగదిలోకి వెళ్లి చేసేదీ ఇదే కాబట్టి నాకు ఆట పరాయిగా అనిపించలేదు. ఆ గుసగుసల సందులో బ్యాండ్ వాయిస్తుంది. నేను కాఫీ తాగుతూ కూతుర్ని చూసుకుంటాను. కింద ఎవరు గెలుస్తున్నారో పక్కవాళ్లని అడిగి తెలుసుకుంటాను.

నాలుగో ఏడు కొత్త కోచ్ వచ్చాడు. వస్తూనే హడిల్ ఎత్తేశాడు.

గుమిగూడడం లేదు, గుసగుసలు లేవు. పడ్డవాళ్లు లేచి పరుగున వచ్చి బారులు తీరుతారు. మైదానం అంచున నిలబడ్డవాళ్లు పెద్ద పెద్ద అట్టల మీద బొమ్మలు చూపిస్తారు. ఒక కప్ప, ఒక ఫ్రిజ్, ఎవరిదో మీసం. వాటి అర్థం మన జట్టుకే తెలుసట. అది చూసుకుని, ఎదుటివాళ్లు ఊపిరి పీల్చుకునేలోపు బంతి కదిలించేస్తారు. దీన్ని నో-హడిల్ అంటారు. తనలో ఏం లేదో పేరులోనే చెప్పుకునే వస్తువుల మీద నాకు మొదటినుంచీ అనుమానం. చక్కెర లేని మైసూర్‌పాక్ తిన్నవాణ్ణి నేను.

సరిగ్గా ఆ ఏడే మా అమ్మాయి తన చదువు మొత్తంలో అతి పెద్ద దౌత్య విజయం సాధించింది. బ్యాండ్‌లోని డ్రమ్ములవాళ్ల చేత తీన్మార్ వాయించడానికి ఒప్పించింది.

మాది వరంగల్ వైపు. తీన్మార్ దరువు వినబడ్డాక కూడా కాళ్లు కదపని మనిషిని మా వైపు ఆస్పత్రికి తీసుకెళ్తారు. అయితే ఆమె అది నా దగ్గర నేర్చుకోలేదు. హైస్కూల్లో ఉన్నప్పుడు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో గణేశ్ నిమజ్జనానికి, పార్కింగ్ లాట్‌లో, ఎవరో తెచ్చిన డప్పు తీసుకుని ఇంక వదల్లేదు. కాలేజీలో మొదటి ఏడు నుంచి డ్రమ్ కెప్టెన్ల వెంటపడింది. ముగ్గురు కెప్టెన్లు డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోయారు. నాలుగో కెప్టెన్ ఒప్పుకుంది. బ్యాండ్ డైరెక్టరూ సరేనన్నాడు, ఒక షరతు మీద. ఎదుటి జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు తాతల కాలం నుంచి వస్తున్న దరువులున్నాయి, వాటిని ముట్టుకోకూడదు. హాఫ్‌టైమ్ కార్యక్రమం వేసవిలోనే ఖరారైపోయింది. విరామాల్లో ప్రకటనలు మోగుతాయి. మిగిలింది ఒక్కటే: మన జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు, రెండు గుద్దుళ్ల మధ్య, హడిల్ వేసుకున్నంత సేపు.

పిల్ల పాపం, తీన్మార్‌ని సరిగ్గా హడిల్ కొలతకి కుట్టుకుంది. ఆ తర్వాత హడిల్ మాయమైంది.

మొదటి మ్యాచ్ అయ్యాక ఫోన్ చేసింది.

“డాడీ, మేం స్టిక్స్ లేపుతాం, వాళ్ళు బాల్ స్నాప్ చేసేస్తారు. టీమ్ లైనప్ అయిందంటే మేం క్వైట్ అయిపోవాలి. రూల్ అది.”

“కోచ్‌కి చెప్పకపోయిన్రా?”

“డాడీ. హీ ఈజ్ ద కోచ్.”

“అయితే?”

“నువ్వు మీ సీఈఓ దగ్గరికి వెళ్ళి చెప్తావా, మా అమ్మాయి డ్రమ్స్ కొట్టాలి, కంపెనీ కొంచెం స్లో చేయండి అని?”

“మా కంపెనీకి ఆ అవసరం లేదు, బిడ్డా.”

ఆమె నవ్వలేదు. “ఇది నా లాస్ట్ ఇయర్, డాడీ,” అంది. ఆ మాట తర్వాత నేను కూడా జోకులు ఆపి, ఆ కోచ్‌ని జాగ్రత్తగా అనుమానించడం మొదలుపెట్టాను.

స్టేడియంలో నా పక్కసీటు ఒక రిటైరైన డాక్టరుగారిది. గుంటూరు మనిషి, మా దగ్గర్లోని కాపెల్‌లో ఉంటారు. నేను పుట్టకముందే టెక్సాస్‌కి వచ్చి, వేల మోకాళ్లు బాగుచేసి, ఫుట్‌బాల్‌ని శాస్త్రంలా చదివినవారు. నాకు ఆట నేర్పింది ఆయనే. మ్యాచ్ ఉన్న శనివారం మా కారులోనే వస్తారు. నేను డ్రైవ్ చేస్తాను, ఆయన పాఠం చెప్తారు, వెనకసీట్లో మా ఆవిడ నిద్రపోతుంది. కొత్త కోచ్ ఆయనకి దేవుడు.

“చూడవయ్యా, ఎదుటి డిఫెన్సు వాళ్లకి మనుషుల్ని మార్చుకునే టైమే ఉండదు. మూడు ప్లేలయ్యేసరికి రొప్పుతుంటారు. ఆలస్యం అమృతం విషం అన్నారు మనవాళ్లు.”

“నిదానమే ప్రధానం అని కూడా అన్నరండీ.”

“అది పనిలేనివాళ్లు అన్న మాట.”

రెండు సామెతలూ మనవే. ఒకదాన్ని నమ్మినవాడు రెండోదాన్ని నమ్మినవాడి మీద అనుమానంతో కనిపెట్టి ఉంటాడు.

నా వాదన ఆఫీసులో పుట్టింది. మా దగ్గర శుక్రవారం సాయంత్రం చకచకా కోడ్ రిలీజ్ చేసి వెళ్లిపోయే వేగవంతుడు ఒకాయన ఉన్నాడు. ఆయన వేగానికి అవార్డులు వచ్చాయి. అది చెడితే బాగుచేసే శనివారాలు మాకు వచ్చాయి. నో-హడిల్‌లోనూ అదే సంగతి అని నా ఉద్దేశం. కుదిరితే త్వరగా కుదురుతుంది, చెడితే ఇంకా త్వరగా చెడుతుంది. మూడు ప్లేల్లో ముందుకు పోలేక బంతి వదిలేసుకుంటే, ఎదుటివాళ్లని ఆపి అప్పుడే వచ్చి కూర్చున్న మన డిఫెన్సువాళ్లు మంచినీళ్ల సీసా మూత తీయకముందే మళ్లీ లేవాలి. రొప్పడం అనేది ఎదుటివాళ్లకే పరిమితమైన విద్య కాదు కదా.

“బాగా చెప్పావు,” అన్నారు డాక్టరుగారు. “స్కోరు చూడు.”

స్కోరు ఇబ్బందికరంగా ఉంది. మనవాళ్లు గెలుస్తున్నారు. వరసగా గెలిచారు. అనుమానించేవాడికి అంతకుమించిన అవమానం లేదు. స్టేడియం అంతా ఎర్ర చొక్కాల్లో ఊగిపోతుంటే, కర్రలు పైకెత్తి దించుకుంటున్న ఒక పిల్లని చూస్తూ నేను మర్యాదకి చప్పట్లు కొట్టేవాణ్ణి. మా ఆవిడ ప్రతిసారీ ఫోన్ పైకెత్తేది. ఆమె ఫోన్‌లో ఆ సీజన్ అంతా భద్రంగా ఉంది: కర్రలు లేచాయి, కర్రలు దిగాయి.

అక్టోబరు నుంచి ఎదుటి జట్లు విరుగుడు కనిపెట్టాయి. పడిపోవడం మొదలుపెట్టాయి. మనవాళ్లు నాలుగు ప్లేలు జోరుగా లాగి గోలు గీత దగ్గరికి వెళ్లేసరికి, బంతికి ఆమడ దూరంలో ఉన్న ఒక భారీకాయుడు ఆలోచించుకుని పిక్క పట్టుకుని కూలేవాడు. ఆట ఆగేది. వాళ్ల వైద్యులు పరుగెత్తుకొచ్చేవాళ్లు. మిగతావాళ్లు తీరిగ్గా నీళ్లు తాగేవాళ్లు.

“ఏమైందట వానికి?” అన్నాను మొదటిసారి, కాస్త కంగారుగానే.

డాక్టరుగారు కళ్లజోడు సర్దుకున్నారు. “కుడికాలు పట్టుకుని పడ్డాడు. ఇప్పుడు ఎడమకాలు కుంటుతున్నాడు. ఇలాంటి కేసు నేను నా సర్వీసులో చూడలేదు.”

ఆట ఆగింది కాబట్టి తీన్మార్‌కి బోలెడు వ్యవధి. నాకు ఆశ పుట్టింది. కానీ మనిషి నేలమీద ఉన్నప్పుడు బ్యాండ్ వాయించకూడదు. నిజంగా పడ్డా, నటించినా మర్యాద ఒకటే. బ్యాండ్ పిల్లలంతా వాద్యాలు దించుకుని సంతాపసభలో లాగా నిలబడేవాళ్లు. ఆ నిశ్శబ్దంలో మా అమ్మాయి ముఖం నాకు దూరం నుంచే తెలిసేది. ఆ భారీకాయుడికి నిజంగానే ఏమైనా అయితే బాగుండునని నేను అనుకోలేదు. ఆ ఆలోచన వస్తోందని తెలిసి ముందే కాఫీకి వెళ్లాను.

అలా నవంబరు వచ్చింది. సొంత మైదానంలో ఆఖరి మ్యాచ్. దీని తర్వాత ఆమె ఆ స్టేడియంలో డ్రమ్ తగిలించుకోదు. తీన్మార్ ఇవాళ మోగాలి, లేదా ఎప్పుడూ మోగదు. మధ్యాహ్నం ఎండ ఉంది కానీ గాలి చలిగా కొడుతోంది. మా ఆవిడ ఫోన్‌తో పాటు ఫోన్‌కి బ్యాటరీ కూడా తెచ్చింది.

మొదటి సగం మనవాళ్లు కప్ప, ఫ్రిజ్, మీసం అని చకచకా చూపించి చాలా పాయింట్లు కొట్టారు. కర్రలు లేచాయి, దిగాయి. రెండో సగంలో ఎదుటివాళ్లకి బొమ్మలు అర్థమయ్యాయో, లేక కప్పకి ఓపిక అయిపోయిందో, మూడేసి ప్లేలకే బంతి వదిలేయాల్సి వచ్చింది. మన డిఫెన్సు కుర్రాళ్లు నడుముల మీద చేతులు పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నారు. ఆధిక్యం కరిగి కరిగి మూడు పాయింట్లకి వచ్చింది. ఆఖరి నిమిషాల్లో బంతి మళ్లీ మన చేతికి దక్కింది.

“ఇప్పుడు తొందరపడకూడదు,” అన్నారు డాక్టరుగారు, గొంతు తగ్గించి. “బంతి దగ్గర పెట్టుకుని గడియారం కరగనివ్వాలి.”

“ఎవరండీ ఈ మాట అనేది?”

“నోరు మూసుకుని చూడవయ్యా.”

కోచ్ రెండు అరచేతులూ కిందికి ఆడించాడు. నెమ్మది, నెమ్మది. మన ఆటగాళ్లు ఆ సీజన్‌లో మొదటిసారి హడిల్ వేయడానికి వెనక్కి వచ్చారు. పాపం వాళ్లకి అలవాటు లేదు. ఎవడు ఎక్కడ నిలబడాలో తెలియక, పెళ్లి స్టేజి మీద ఫొటోకి ఎక్కిన చుట్టాల్లాగా సర్దుకుంటున్నారు. ఒకడు పొరపాటున ఎదుటివాళ్ల వైపు నడిచి తిరిగొచ్చాడు. వేగానికి మరిగిన జనం అరిచి ఎగతాళి చేశారు. స్టేడియం మొత్తంలో లేచి చప్పట్లు కొట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. ముందువరసలో ఒకాయన తిరిగి నన్ను అనుమానంగా చూశాడు. ఆ ఏడాదంతా ఆ చూపు చూడడం నా వంతు, అది నా మీద పడింది ఆ ఒక్కసారే.

కర్రలు లేచాయి. ఈసారి దిగలేదు.

తీన్మార్ మోగింది. టెక్సాస్ నడిబొడ్డున, టోపీలకి తురాయిలు పెట్టుకున్న పిల్లలు, వెనక ట్యూబా బూరలు నోళ్లు తెరుచుకుని వింటుండగా, మా వీధిలో వినాయకుణ్ణి సాగనంపే దరువు వాయించారు. మా ఆవిడ “అబ్బ, అబ్బ” అంటూ ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో నా మోచెయ్యి పట్టుకుంది. డాక్టరుగారి ఎడమభుజం ఆయన అనుమతి లేకుండా లేచింది.

నాకు మాత్రం ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలిసేలోపే దరువు అయిపోయింది. కింద చూస్తే హడిల్ ఇంకా నడుస్తూనే ఉంది. కావాలంటే ఇంకోసారి వాయించుకోవచ్చు. ఎవరూ అది ఊహించలేదు. పిల్లలు కర్రలు దించేసి నిలబడ్డారు. మైదానంలో రెఫరీ పసుపు గుడ్డ విసిరాడు. దేశంలోకెల్లా వేగవంతమైన జట్లలో ఒకటని పేరుపడ్డ జట్టుకి ఆలస్యం చేసినందుకు జరిమానా పడింది.

ఆ తర్వాత మనవాళ్లు బంతి వదిలేసుకున్నారు. ఎదుటివాళ్లు దూరం నుంచి, స్కోరు సమం చేయడానికి బంతిని గోలు స్తంభాల మధ్యకి తన్నారు. బంతి వెళ్లి స్తంభానికి తగిలి బయట పడింది. గెలిచాం.

“చూశావా?” డాక్టరుగారు నా వీపు చరిచారు. “ఎవరేమన్నా నో-హడిల్ గెలిచింది.”

“గెలిచిందండీ. హడిల్ పెట్టుకుని, స్తంభం సాయంతో.”

“నీ జబ్బుకి మందు లేదయ్యా. కారు దగ్గరికి పద.”

మరుసటి రోజు టీవీలో నిపుణులు కూడా వేగానిదే విజయం అన్నారు. నిజమే కావచ్చు. సీజన్ అంతా జాగ్రత్తగా చూసినా నేను తేల్చుకోలేకపోయాను. గెలిచినప్పుడల్లా అది వేగం వల్ల, ఓడినప్పుడల్లా చలి వల్ల అంటే ఎవరు మాత్రం తేల్చగలరు?

మ్యాచ్ అయిన సాయంత్రం బ్యాండ్ గేటు దగ్గర మా అమ్మాయి టోపీ చంకలో పెట్టుకుని వచ్చింది. వాళ్లమ్మని వాటేసుకుంది, డాక్టరుగారికి “హాయ్ అంకుల్” చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది. చెంపల మీద రంగు కారిపోయి ఉంది.

“విన్నావా డాడీ?”

“విన్న.”

“రష్ చేసేశాం కదా?”

నేను డాక్టరుగారి వైపు చూశాను. ఆయన పార్కింగ్ లాట్‌ని శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

“కొంచెం.”

“కొంచెం కాదు. డబుల్ స్పీడ్. సీజన్ అంతా, ఇప్పుడు స్నాప్ చేస్తారు, ఇప్పుడు చేస్తారు అని భయం. టైమ్ దొరికాక కూడా చేతులు ఆగలేదు.” టోపీ చంక మార్చింది. “అంత వెయిట్ చేసి, ఎవరూ డాన్స్ కూడా చేయలేరు అట్లా వాయిస్తే.”

“నేను చేసిన.”

“అబద్ధం. మమ్మీ వీడియో పంపింది. చేతులు కట్టుకుని నిల్చున్నావ్, పోలీస్ లాగా.”

“మొదలుపెట్టిన బిడ్డా,” అన్నాను. “నా కాళ్లు రెండూ హడిల్ వేసుకుని ఒక మాటకొచ్చేసరికి మీది అయిపోయింది.”

ఆమె ముక్కు ఎగబీల్చింది. తర్వాత నవ్వింది. మామూలు స్పీడ్‌లోనే.