మబ్బు వీడని శిఖరం

మా మండపేటలో ఎత్తంటే రైసుమిల్లు పొగగొట్టమే. తొంభైల చివర్లో, డిగ్రీ రెండో ఏడాది వేసవిలో, హిమాలయాల్లో ట్రెక్కింగ్ క్యాంపుకి మా కాలేజీ నుంచి ఇద్దరు ఆడపిల్లల్ని పంపారు. ఒకదాన్ని నేను. రెండోది చిన్నప్పటి నుంచీ నా పక్కన కూర్చుని చదువుకున్న స్నేహితురాలు. వాళ్ల నాన్నగారు మిల్లులో బస్తాలు మోసేవారు. ధాన్యం బస్తాలు పేర్చిన నెట్టు చివరికంటా అది చకచకా ఎక్కేస్తుంటే కింద నిలబడి నేను భయపడేదాన్ని.

వాళ్లమ్మగారు మొదట ఒప్పుకోలేదు. నేనే వెళ్లి బతిమాలాను. నువ్వు తోడుంటావుగా, సరే అన్నారు.

దేవదారు అడవిలో రెండు రోజులు, చెట్టన్నదే లేని రాళ్లలో ఒక రోజు నడిచాం. శిఖరం మాత్రం మబ్బుల్లోనే ఉండిపోయింది. మర్నాడు కనుమ దాటితే ఎదురుగా కనబడుతుందని మాతో వచ్చిన మాస్టారు చెప్పారు. మర్నాడు పొద్దున్నే నాకు తలపోటు, వాంతులు. వెంటనే కిందికి దించకపోతే ప్రాణానికే ముప్పన్నారు. ఒక కూలీని ఇచ్చి, తోడెవరు వెళ్తారని అడిగారు. అది సంచి తగిలించుకుంది. నువ్వెళ్లి చూసి రావే అన్నాను.

"నిన్నిలా వదిలేసి నేనేం చూస్తానే" అంది.

దారిలో మంచు పేరుకున్న వాలు ఒకటుంది. ఎండకి మెత్తబడింది. కూలీ నన్ను పట్టుకుని దాటించాడు. అది మా అడుగుల్లో అడుగులేస్తూ వెనక వస్తోంది. ఏదో జారిన చప్పుడైతే తిరిగి చూశాను. అది లేదు. కింద వాగు.

మర్నాడు దొరికింది. వాళ్ల నాన్నగారు మూడు రోజులు రైళ్లు మారి వచ్చారు. అక్కడే దహనం చేశారు. తిరుగు ప్రయాణంలో ఆయన ఏ పెద్ద స్టేషనొచ్చినా దిగి నాకు టిఫిను తెచ్చేవారు. నేను తినేదాకా చూస్తూ కూర్చునేవారు.

వాళ్లమ్మగారు తిట్టిపోస్తారని, కొడతారని సిద్ధపడే వెళ్లాను. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కటే అడిగారు.

"చూడాలనుకున్న కొండ చూసిందామ్మా?"

"చూసిందండీ. చాలాసేపు చూసింది."

ఎలా ఉందని అడిగారు. నేనూ చూడని శిఖరాన్ని కల్పించి చెప్పాను. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా నన్ను పిలిపించి ఆ మాట మళ్లీ చెప్పించుకునేవారు. అది నాకోసమే వెనక్కి తిరిగిందని చెప్పేద్దామని రెండుసార్లు వాళ్ల గడప దాకా వెళ్లాను. అట్నుంచటే తిరిగొచ్చేశాను.

ఏడేళ్లకు ఆవిడ పోయారు. పెద్దకర్మ రోజు వాళ్ల నాన్నగారు నన్ను పందిరి అవతలికి పిలిచారు.

"అది కొండ చూళ్లేదని నాకు అక్కడే తెలుసమ్మా. మీ మాస్టారు అంతా చెప్పారు."

అంటే ఆ రైల్లో నాకు టిఫిను తెచ్చిపెట్టినప్పుడు కూడా ఆయనకు తెలుసు. నేను తలెత్తలేకపోయాను. ఆయన, వడ్డన మొదలైంది, వచ్చి తినమ్మా అని చెప్పి లోపలికి వెళ్లిపోయారు.