లక్ష దగ్గరపడిన బండి

పాత మోటార్ సైకిళ్లు అమ్మేవాళ్లు అబద్ధాలాడతారని అందరూ చెబుతారు. నారాయణగూడలో రెండు ఆదివారాలు తిరిగాక నాకు వాళ్ల మీద కోపం రాలేదు, చులకనభావం కలిగింది. అంతమందిలో ఒక్కడైనా కొత్త అబద్ధం కనిపెట్టలేదు. ప్రతి బండీ ఎవరో డాక్టరుదే. ఆ డాక్టరు ఇంటి నుంచి దవాఖానకు, దవాఖాన నుంచి ఇంటికి తప్ప జన్మలో ఎక్కడికీ వెళ్లలేదు. పెళ్లికి వెళ్లలేదు, చావుకి వెళ్లలేదు, కూరగాయలకైనా వెళ్లలేదు. ఊళ్లో ఇంతమంది డాక్టర్లు ఇంత తక్కువగా తిరుగుతున్నారంటే రోగుల మాటేమిటని అడిగాను ఒకాయన్ని. ఆయనకు అర్థం కాలేదు. "అదే మేడం, బండి మస్తున్నది" అన్నాడు.

నేను అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో జాగ్రఫీ చెబుతాను. మధ్యాహ్నం ఊరవతల ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలుంటాయి. చిక్కడపల్లిలోని మా ఇంటి నుంచి కోచింగ్ సెంటరుకు నడిచి వెళ్లిపోవచ్చు. కాలేజీకి మాత్రం రెండు బస్సులు మారి, చివర్లో కంకర తేలిన రోడ్డు మీద నడవాలి. చిన్న చక్రాల స్కూటర్లు ఆ కంకరలో జారిపడటం రోజూ చూసేదాన్ని. నాకు మోటార్ సైకిలే కావాలి. నడపడం నేను ఇంటర్ చదివేటప్పుడే నాన్న బండి మీద నేర్చుకున్నాను. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి పాతదే చూసుకోవాలి.

ఈ మాట ఇంట్లో అనగానే అక్క, "ఒక్కదానివే పోతే మోసం చేస్తరు. మీ బావను తీసుకపో" అంది. అక్కా బావా మా పైఅంతస్తులోనే ఉంటారు. బావ ఒక ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. బండ్ల విషయంలో తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. ఇంతకీ ఆయన జీవితంలో నడిపింది ఒకే ఒక్క స్కూటరు, అది కూడా పెళ్లిలో మా నాన్న పెట్టింది. అయినా ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, నల్ల కళ్లజోడు పెట్టుకుని, పిల్ల పెళ్లిచూపులకు పెద్దమనిషి బయల్దేరినట్టు బయల్దేరాడు.

ఆయన పరీక్ష మూడు ముక్కల్లో అయిపోయేది. ముందు టైరును కాలితో తన్నేవాడు. తర్వాత సీటును అరచేత్తో నొక్కేవాడు. ఆ తర్వాత బండి స్టార్ట్ చేయించి, సైలెన్సర్ దగ్గర వంగి, కళ్లు మూసుకుని, కచేరీలో రాగం గుర్తుపడుతున్నవాడిలా తల ఊపేవాడు. చూస్తున్న అమ్మకందారు ముఖం వెలిగిపోయేది. ఇలాంటి కొనుగోలుదారుడు దొరకడం ఎవరికైనా అదృష్టమే మరి.

రెండో ఆదివారం ఒక దుకాణంలో ఎర్ర బండి ఒకటి చూపించారు. అద్దంలా మెరుస్తోంది. మీటరు మీద పద్దెనిమిది వేల కిలోమీటర్లు. దుకాణదారు నా వైపు తిరిగి కూడా చూడకుండా, "సార్, మేడంకు స్కూటీ చూపియ్యాల్నా, ఇదే చూస్తరా?" అని బావనడిగాడు.

"నడిపేది నేనే. నాకు చెప్పు" అన్నాను.

"సింగిల్ హ్యాండ్ సార్, ఒక్కరే వాడిన్రు," అన్నాడు మళ్లీ బావతోనే. "డాక్టర్ సాబ్ బండి."

నేను వంగి చూశాను. కాళ్లు పెట్టుకునే చోట రబ్బరు అరిగి లోపలి ఇనుము బయటపడింది. బ్రేకు పెడలు మీది గీతలు పూర్తిగా చెరిగిపోయి నున్నగా ఉంది. సీటు కవరు మాత్రం నిన్న కుట్టినంత కొత్తది. పద్దెనిమిది వేలకే ఇంత అరిగిందంటే డాక్టరు బండిని నడపలేదు, దాని మీద రోజూ నాట్యం చేసి ఉండాలి.

"ఇవి ఎట్ల అరిగినయి?" అనడిగాను.

ఆయన మొదటిసారి నా వైపు చూశాడు. "డాక్టర్ సాబ్ జర లావుంటడు మేడం" అన్నాడు.

రెండు ఆదివారాల్లో విన్న మొదటి కొత్త అబద్ధం అది. ఏడవాల్సిన చోట నవ్వొచ్చింది నాకు. బావ మాత్రం నవ్వలేదు. "కరెక్టే. బరువుంటే అరుగుతది" అని నాకు వివరించాడు.

నడిపి చూస్తానంటే తాళంచెవి బావ చేతికిచ్చారు. నేను వెనక కూర్చోవాల్సి వచ్చింది. ఫ్లైఓవర్ ఎక్కుతుండగా సగంలో బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బావ కిక్కు కొట్టాడు, తిట్టాడు, మళ్లీ కొట్టాడు. వెనక నుంచి వచ్చే ఆటోవాళ్లు మా ఇద్దరి వంశాలనూ తలుచుకుంటూ పక్కనుంచి పోయారు. చివరికి ఆ బండిని అంచుకు లాగి, పైదాకా నెట్టుకుంటూ ఎక్కించి, అవతలి వైపు దొర్లించుకుంటూ దిగి, కింది రోడ్డు మీద దుకాణం దాకా నెట్టుకొచ్చాం. బావ ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"పెట్రోల్ తక్కువున్నది సార్" అన్నాడు దుకాణదారు మమ్మల్ని చూడగానే.

"నేను అదే అనుకున్న" అన్నాడు బావ.

ఆ మాటతో నాకు ఇద్దరి మధ్యా తేడా తెలిసొచ్చింది. ఒకడు అమ్ముకోవడానికి అబద్ధమాడుతున్నాడు, దానికి అర్థముంది. రెండోవాడు తాను పొరపడ్డానని ఒప్పుకోలేక ఆ అబద్ధానికి సాక్ష్యం పలుకుతున్నాడు. నాకు వద్దని చెప్పి బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత నాలుగు రోజులకేమో, అశోక్‌నగర్‌లో నేను టీ తాగే కొట్టు గోడ మీద, హాస్టళ్ల ప్రకటనల మధ్య ఒక కాగితం కనబడింది. "బండి అమ్మబడును. చాలా తిరిగింది. టైంపాస్‌గాళ్లు ఫోన్ చెయ్యొద్దు." ఆ తిట్టు చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే నిలబడి ఫోన్ చేశాను.

ఆ బండి అమ్మే మనిషి దోమలగూడలో ఉంటాడు. మందుల కంపెనీ తరఫున పాతికేళ్లుగా మహబూబ్‌నగర్ వైపు ఊళ్లన్నీ తిరిగి డాక్టర్లకు మందులు పరిచయం చేసినవాడు. సాయంత్రం వెళ్లేసరికి లుంగీలో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంట్లోకి రమ్మనలేదు, మంచినీళ్లు కావాలా అనలేదు. అక్క పోరు పెట్టడం వల్ల బావ కూడా వెంట వచ్చాడు, వస్తూనే టైరును తన్నాడు.

"అన్నా, టైరు నిన్నేమన్నది?" అన్నాడాయన.

బావ కాలు వెనక్కి తీసుకున్నాడు. నేను మీటరు చూశాను. తొంభై ఆరు వేలు దాటింది.

"చూసినవు గదా. ఏడ్చేదుంటే ఇప్పుడే ఏడ్చి పో," అన్నాడాయన నాతో. "న్యూట్రల్ తొందరగ పడదు. గట్టి వాన పడితే ఒకపట్టాన స్టార్ట్ గాదు. ఇంజన్ల నుంచి జర ఆయిల్ కారుతది, కింద అట్ట ముక్క పెట్టుకోవాలె. ఇంక మిగతా అంతా మంచిగున్నది. బేరం లేదు."

"ఎందుకు అమ్ముతున్నరు?" అన్నాను.

"నడుము పోయింది. దానిది గాదు, నాది." నన్ను కిందికీ మీదికీ చూశాడు. "నడుపొస్తదా నీకు?"

"వస్తది."

"అందరు గట్లనే అంటరు. నడిపి చూపెట్టు."

ఆయన తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఇందిరా పార్కు దాకా వెళ్లి తిరిగొచ్చాను. బండి ముసలి గేదెలా బరువుగా, నిదానంగా, ఎక్కడా తొట్రుపడకుండా వెళ్లింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆగుతుందేమోనని ఊపిరి బిగబట్టాను, ఆగలేదు. బండి దిగుతుంటే మెచ్చుకుంటాడేమోనని ఒక చిన్న ఆశ కూడా కలిగింది.

"క్లచ్ మీద వేళ్లు పెట్టే నడుపుతున్నవు. గట్ల నడిపితే నెలల కాల్చి పడేస్తవు" అన్నాడు.

ఇన్ని రోజుల్లో మర్యాద చేసినవాళ్లంతా నన్ను మోసం చేయాలని చూశారు. నన్ను పురుగును చూసినట్టు చూసిన ఈ మనిషి ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఆ బండి కొంటానని అక్కడికక్కడే చెప్పాను.

గేటు దాటగానే బావ నెత్తి కొట్టుకున్నాడు. "తొంభై ఆరు వేలంటే ఏమనుకుంటున్నవు? భూమి చుట్టూ ఒక చక్కరు గొట్టినంత!"

"రెండుకు ఎక్కువే అయితది బావా," అన్నాను. జాగ్రఫీ నేను చెప్పేది కదా.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ బావ మనసులో ఏదో గుచ్చుకుంది. పది రోజుల్లో ఆయన నారాయణగూడ వెళ్లి ఆ ఎర్ర బండిని తనకోసం కొనుక్కొచ్చాడు. నిమ్మకాయలు తొక్కించి, దండ వేసి, అపార్ట్‌మెంట్‌లో నా బండి పక్కనే నిలిపాడు. "చూడు, పద్దెనిమిది వేలు" అని మీటరు మీద దుమ్ము తుడిచాడు. ఎవరో తనను మోసం చేశారని ఒప్పుకోవడం కంటే డబ్బు పెట్టి ఆ మోసాన్ని ఇంటికి తెచ్చుకోవడమే ఆయనకు గౌరవంగా తోచింది.

నా బండి ఆ దోమలగూడ మనిషి చెప్పిన జబ్బులన్నీ చూపించింది, చెప్పనివి చూపించలేదు. ఎర్ర బండి మాత్రం వారంలో సగం మెకానిక్ దగ్గరే ఉండేది. "సర్వీసింగ్" అనేవాడు బావ.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వస్తుంటే చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ దగ్గర బావ కనిపించాడు. ఎండలో, చెమటలు కారుతూ, ఎర్ర బండిని నెట్టుకుంటూ వస్తున్నాడు. పక్కన ఆపాను.

"ఏమైంది బావా?"

"ఏం లేదు. పొట్ట పెరిగింది గదా, జర నడుద్దామని."

"బండితోనా?"

ఆయన బండిని ఇంకో నాలుగడుగులు నెట్టాడు. జాలి కలగాలి నిజానికి. కలగలేదు. బండిని తెలిసిన కిరాణా కొట్టు ముందు పెట్టించి, నా వెనక ఎక్కమన్నాను. అటూ ఇటూ చూసి, తెలిసినవాళ్లు లేరని రూఢి చేసుకుని, ఎక్కాడు. ఇల్లు చేరేదాకా "గేరు మార్చు," "హారన్ కొట్టు," "ఎడమకు రా" అంటూనే ఉన్నాడు.

గేటు దగ్గర మా కింది అంతస్తులో ఉండే రిటైర్డు హెడ్మాస్టరు గారు ఎదురై, "ఈ బండి చప్పుడు భలే ఉందమ్మా" అన్నారు.

"నేనే సెలెక్ట్ చేసిన సార్," అన్నాడు బావ దిగుతూ. "మీటర్ చూడొద్దు, ఇంజన్ చూడాలె."

హెడ్మాస్టరు గారు పాత కారు కొనే ఆలోచనలో ఉన్నారట. బండ్ల సంగతి తెలిసినవాళ్లు ఒకరు వెంట ఉంటే ధైర్యమని బావను తోడు రమ్మని బతిమాలారు. నేను నోరు తెరవబోయి మూసేశాను. చెప్పినా వినేవాళ్లలా లేరు. ఆదివారం పొద్దున ఇద్దరూ నల్ల కళ్లజోళ్లు పెట్టుకుని ఆటో ఎక్కడం మా బాల్కనీ నుంచి చూశాను. ఆటో కదిలే ముందు బావ కిందికి దిగి, దాని ముందు టైరును ఒకసారి తన్ని చూసి, మళ్లీ ఎక్కాడు.