తమ్ముడి గురించి అడిగిన అవ్వ

నా చిన్నప్పుడు, చెరకు కోతల కాలంలో, మా తమ్ముడు జ్వరంతో పోయాడు. ఇంకా పాకడం కూడా రాని పసివాడు. బోధన్ దగ్గర మా ఊళ్లో అప్పుడు ఎటు చూసినా చెరకు తోటలే. నరికిన చెరకు బండికెత్తి ఫ్యాక్టరీ ముందు వరుసలో నిలబెడితే, వంతు వచ్చేదాకా ఎడ్లతో పాటు మనిషీ అక్కడే పడి ఉండాలి. తమ్ముడికి జ్వరం వచ్చిన రోజు బాపు ఆ వరుసలోనే ఉన్నాడు.

పిల్లవాణ్ణి మట్టి చేశాక చుట్టాలు చాలామంది వచ్చారు. అందరిదీ ఒకటే మాట. దేవుడిచ్చాడు, దేవుడే తీసుకుపోయాడు, వయసులో ఉన్నావు, మళ్లీ పుడతాడు. అమ్మ తల ఊపేది. వాళ్లు వెళ్లాక గోడవైపు తిరిగి కూర్చునేది. రానురాను తల ఊపడం కూడా మానేసింది. అన్నం పెట్టి ఇస్తే ఒక ముద్ద తిని కంచం పక్కకు జరిపేది. బాపు ఆమె ముఖంలోకి చూసేవాడు కాదు. ఒకరికొకరు ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే నాతో చెప్పించేవారు. అమ్మ కూడా తమ్ముడిలాగే పోతుందేమోనని నాకు లోపల ఒకటే భయం. దాన్ని ఎవరితో చెప్పుకోవాలో తెలియదు.

ఒకరోజు బాపు నిజామాబాద్ పోయి రేడియో తెచ్చాడు. ఇంట్లో మాట వినబడుతూ ఉంటే అమ్మ తేరుకుంటుందని ఆయన ఆశ. వాడకట్టంతా దాని చుట్టూ చేరింది. పాటలు, వార్తలు, బజారు ధరలు, ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతూనే ఉండేది. ఇంటికి కళ వచ్చిందని అందరూ అన్నారు. అది వచ్చాక మా మధ్య మిగిలిన ఆ కాస్త మాటలు కూడా తగ్గిపోయాయి. అమ్మ ముఖం గోడవైపే ఉంది.

మా పక్కింటి అవ్వ కూలి పనికి పోయేది, ఆదివారమైతే చర్చికి. తమ్ముడు పుట్టిన కొత్తలో కూతురి కాన్పుకని ఏర్గట్ల పోయి నెలల తరబడి అక్కడే ఉండిపోయింది. ఊరికి తిరిగొచ్చి, సంగతి తెలిసి, మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. అమ్మ పక్కన కూర్చుని, అక్కడున్న ఎండు మిరపకాయల తొడిమలు తీయడం మొదలుపెట్టింది. కాసేపటికి నావైపు చూసి, "బిడ్డా, గా రేడియో జర బంద్ జెయ్యి" అంది.

బంద్ చేశాను. ఉన్నట్టుండి వచ్చిన ఆ నిశ్శబ్దానికి నాకు దిగులేసింది. అవ్వ మాత్రం తొందరపడలేదు. చాలాసేపటికి అడిగింది. "నేను పోయిననాడు పొత్తిళ్లల్ల ఉండె. తర్వాత ఎట్లయిండు పిల్లగాడు?"

అమ్మ పలకదనుకున్నాను. కానీ, "నవ్వితే ఒక్క బుగ్గకే సొట్ట పడుతుండె అవ్వా" అంది.

ఆ తర్వాత అమ్మ ఆగలేదు. వాడు తన జుట్టు ఎట్లా పట్టి లాగేవాడో, ఎడ్ల గంటలు వినబడితే ఎట్లా తల తిప్పేవాడో చెప్పింది. చెప్పి చెప్పి ఆ చివరి రోజు దగ్గరికి వచ్చింది. "జరమొచ్చిన దినం, ఆయన వచ్చినంక దవాఖానకు పోదమని ఎదురుసూసిన. పొద్దుగూకేదాంక సూసిన. నేనే సంపుకున్న."

అవ్వ వెంటనే కాదనలేదు. మిరపకాయను చేతిలో అట్లాగే పట్టుకుని ఆలోచనలో పడింది. "నీ జాగల నేనున్నా గట్లనే సూస్తుంటి బిడ్డా" అంది చివరికి.

తోట నుంచి వచ్చిన బాపు గడప దగ్గర ఎప్పటినుంచి నిలబడి ఉన్నాడో మేం చూడలేదు. "బండి ఇడిసి రాకపోతినని నన్నే తిట్టుకుంటున్నవనుకున్న" అన్నాడు మెల్లగా.

అమ్మ ఆయన వైపు తిరిగింది. "నేనెందుకు తిట్టుకుంట? నువ్వే నన్ను తిట్టుకుంటున్నవని..."

అవ్వ లేచి నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. బాపు ఏడ్వడం నేను వినడం అదే మొదటిసారి. పొద్దు వాలేదాకా లోపల వాళ్ల మాటలు వినబడుతూనే ఉన్నాయి.

దుఃఖం ఆ రోజుతో పోలేదు. ఎన్నో ఏళ్లపాటు కోతల కాలం వస్తే అమ్మ మనసు చెదిరిపోయేది. అయితే అప్పుడు బాపు పని పక్కనపెట్టి ఆమె దగ్గర కూర్చునేవాడు.

ఇప్పుడు ఎవరైనా పోయారని తెలిస్తే, ఫోన్‌లో చేతులు జోడించిన బొమ్మ పంపి ఊరుకుంటున్నారు మా పిల్లలు. నాకు అట్లా చేతకాదు. పోయి కూర్చుంటాను. మాట మధ్యలో ఎదుటి మనిషి ఆగిపోతే, ఏదో ఒకటి అనాలని నోటిదాకా వస్తుంది. ఆపుకుంటాను. అసలు చెప్పాలనుకున్న మాట ఇంకా లోపలే ఉందేమో అనిపిస్తుంది. అది బయటికి వచ్చేదాకా కదలను.