ట్రంకు లైనులో దగ్గు

అరవయ్యో దశకం చివర్లో మా ఊళ్లను మంచం పట్టించిన ఫ్లూ జ్వరాన్ని అందరికంటే ముందు విన్నది నేనేనంటే మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. అప్పుడు నేను విజయనగరంలో టెలిఫోన్ ఆపరేటర్ని. ట్రంకు బోర్డు ముందు కూచునేదాన్ని. ఆ రోజుల్లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫోను చేయాలంటే మాకు చెప్పి గంటలకొద్దీ కాచుకోవాలి. మేం ఆ ఊరి ఆపరేటరుని పిలిచి, తాడు చివర ప్లగ్గు గుచ్చి, ఇద్దరినీ కలిపేవాళ్లం. కలిపాక వాళ్ల మాటలు వినకూడదని రూలు. వినేవాళ్లం. లైను తెగిపోలేదు కదా అని చూసుకోవడానికేనని మాకు మేం సర్దిచెప్పుకునేవాళ్లం.

పొద్దున డ్యూటీ ఎక్కగానే ఒక్కో ఊరినీ పిలిచి లైను బాగుందో లేదో చూడాలి. వానలు వెనకబట్టిన రోజులవి. ఒక సోమవారం విశాఖపట్నం ఆపరేటరు "హలో" అన్నాడో లేదో, దగ్గు తెర వచ్చింది. పొడి దగ్గు, ఆగని దగ్గు. మర్నాడు ఆ కుర్చీలో వేరే గొంతు. ఆ మర్నాడు ఆ గొంతు కూడా దగ్గింది. గురువారం మా హాల్లోనే నా పక్కనమ్మాయి తల పట్టుకుని బోర్డు మీదకి వాలిపోయింది. ఆదివారానికి శృంగవరపుకోట దగ్గింది, ఆ తర్వాత చీపురుపల్లి. నేను కుర్చీలోంచి లేవకుండానే ఆ జ్వరం ఏ ఊరు దాటి ఏ ఊరికి పోతోందో నాకు తెలిసిపోతోంది. కంటికి కనబడదు, కాళ్లు లేవు. మనుషుల్ని పట్టుకుని రైలెక్కి, బస్సెక్కి, ఇంత వరస తప్పకుండా ఎలా నడుస్తోందా అని నాకు ఒళ్లు గగుర్పొడిచేది. భయం తర్వాత వేసింది. ముందు వేసింది ఆశ్చర్యమే.

ఇంట్లో ఈ సంగతి చెబితే మా అమ్మ గాభరాపడింది.

"ఆ తీగల మీదే వస్తన్నాదేటే జొరం? సెవిలో దూది ఎట్టుకోయే!"

"తీగ మీద మాటొక్కటే వస్తాదమ్మా, జొరం రాదు!" అని కసిరాను. అయినా వదల్లేదు, రెండు చెవుల్లోనూ దూది కుక్కే పంపించింది. వీధి మలుపు తిరగ్గానే తీసి పారేశాను. చెవుల్లో దూది పెట్టుకుని వెళ్తే నా ఉద్యోగం ఊడేది.

వారం తిరిగేసరికి ఊరు ఊరంతా నా చెవిలో పడింది. జూట్ మిల్లు మేనేజరు కలకత్తాకి ఫోను చేసి, మగ్గాల ముందు మనుషుల్లేరు, సరుకు పంపలేనని మొత్తుకున్నాడు. ఒక హెడ్మాస్టరు బడి మూసేస్తానని పైఆఫీసరుని బతిమాలాడు. సినిమా హాలు ఓనరు మాత్రం, ఆట ఆపను, దగ్గేవాళ్లు దగ్గుతూ చూస్తారని ఎవరితోనో అన్నాడు. ఆ తలుపులు మూసిన హాల్లో మూడు గంటలు ఒకరి ఊపిరి ఒకరు పీల్చుకుని జనం మళ్లీ ఏ ఇంటికి ఆ ఇంటికి వెళ్లేవారు.

ఆ రోజుల్లోనే శ్రీకాకుళం డాక్టరు ఒకాయన విశాఖపట్నంలో పెద్ద డాక్టరుకి చేసిన కాల్ మా బోర్డు మీదుగా వెళ్లింది. పడుచువాళ్లు వారంలో లేస్తున్నారు గానీ నాలుగడుగులేసి కూలబడుతున్నారనీ, ముసలివాళ్లకీ ఉబ్బసం ఉన్నవాళ్లకీ ఊపిరితిత్తుల్లోకి దిగిపోతోందనీ, ఏం చేయాలనీ ఈయన అడిగాడు. "దీనికి వేరే మందు లేదండీ. మనుషుల్ని దూరంగా ఉంచండి. దగ్గక్కర్లేదు, దగ్గర కూచుని మాట్లాడితే చాలు, ఆ తుంపరతో రెండు రోజుల్లో ఎదుటివాళ్లకి అంటుకుంటుంది" అని ఆయన చెప్పాడు. మాట్లాడితే చాలు! రోజంతా మాటలు అటూ ఇటూ దాటించడమే నా పని. ఆ మాటతోనే ఇదీ దాటుతోందన్నమాట.

శ్రీకాకుళం బోర్డు మీద ఉండే ఆవిడ గురించి చెప్పాలి. నాకంటే చాలా పెద్దది. సొంతూరు శ్రీకూర్మం పక్కన పల్లె. భర్త పోయాక ఈ ఉద్యోగం చేసుకుంటూ ఒక్కతే ఉండేది. నేను చేరిన కొత్తలో తాళ్లన్నీ చిక్కుపెట్టుకుని ఏడుస్తుంటే, ఒక్కోటీ ఎలా తియ్యాలో లైను మీదే చెప్పి నాకు పని నేర్పింది. అక్కలాంటిదని అప్పా అని పిలిచేదాన్ని. రెండేళ్లు రోజూ మాట్లాడుకున్నాం గానీ ఒకరి మొహం ఒకరం చూడలేదు. ఆవిడది కంచు గొంతు. చలిగాలి తిరిగితే మాత్రం ఉబ్బసం తిరగబెట్టేది. ఈ జ్వరం ఆవిడ దాకా పోకూడదని నేను మొక్కని దేవుడు లేడు.

ముందు నాకే వచ్చింది. మా హాల్లో హెడ్‌సెట్లు చాలేవి కావు. ఒకరు దిగితే ఇంకొకరు తగిలించుకునేవాళ్లం, మాట్లాడే గొట్టం ఇంకా వెచ్చగా, తడిగా ఉండగానే. మధ్యాహ్నం బాగున్నదాన్ని సాయంత్రానికి పళ్లు టకటకలాడించుకుంటూ ఇంటికి చేరాను. కనుగుడ్డు కదిపితే నొప్పి. ఒంట్లో ఎన్ని ఎముకలున్నాయో అన్నీ తెలిశాయి. ఒక్క పూటలో మనిషిని ఇలా పడగొట్టగలిగినదాని మీద నాకు ఆ జ్వరంలోనే గౌరవం లాంటిది కలిగింది.

మా వైపు జ్వరం పడ్డ మనిషిని పలకరించకపోతే సంబంధం తెంపుకున్నట్టే. గుమ్మంలోంచి అడిగి వెళ్లిపోతే అది పలకరింపు కాదు. మంచం పట్టె మీద కూచోవాలి, మెడ మీద చెయ్యేసి చూడాలి, ఆ ఇంట్లో కాఫీ తాగాలి. డాక్టర్ల మాట చెవిలో ఉంది కాబట్టి వచ్చినవాళ్లనల్లా నేను మంచం మీంచే తిట్టి పంపించాను. మా పిన్ని అలిగి ఏడాది మాట్లాడలేదు.

నాలుగో రోజు గుమ్మంలో "ఒలే గుంటా, నానే!" అని వినబడింది. ఆ గొంతు నాకు తెలియకపోవడమేమిటి! ఒక చిన్న మనిషి చేతిసంచితో లోపలికి వచ్చింది. అంత గొంతు ఆ పిడికెడు మనిషిదా అని తెల్లబోయాను. అక్కడే ఉండు అప్పా అనాలి. పిన్నిని తరిమిన నోరే ఈవిడ్ని చూసి "రా అప్పా" అంది.

బోర్డు మీద నా బదులు పలికినవాళ్లని ఇల్లు అడిగి వచ్చిందట. వచ్చి మంచం మీద కూచుంది. నా తల ఒళ్లో పెట్టుకుని బత్తాయి తొనలు వలిచి నోట్లో పెట్టింది. "ఇన్నాలికి నీ మొగం సూసినానే. గొంతుని బట్టి లావుగుంతావనుకున్నాను" అని నవ్వింది. నేను తాగలేక వదిలేసిన గంజి గ్లాసు ఎత్తి, "పారబోత్తారేటి?" అని గటగటా తాగేసింది. సాయంత్రం బస్సు వేళ దాకా ఆవిడ చెయ్యి వదలకుండా, ఆవిడ మొహంలోకి మాట్లాడుతూ, దగ్గుతూ గడిపాను. అంత సంతోషం నేను ఎరగను.

నాలుగు రోజుల తర్వాత, కాళ్లలో సత్తువ లేకపోయినా, గోడలు పట్టుకుని డ్యూటీకి వెళ్లాను. శ్రీకాకుళం పిలిస్తే ఎవరో కుర్రాడు పలికాడు.

"ఆవిడకి జొరమండి. ఆస్పత్రిలో ఉన్నాది. రొమ్ము పట్టీసిందట."

అంటించింది నేనే. ఎవరూ చెప్పక్కర్లేదు, రోజులు సరిపోయాయి. సెలవడిగితే, సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయని సూపర్వైజరు ఇవ్వలేదు. రోజూ పొద్దున ఆ కుర్రాణ్ణి అడగడం, "అలాగే ఉన్నాదండి" అనిపించుకోవడం, తిన్నది ఒంటబట్టకపోవడం. ఈలోగా జ్వరం సముద్రం దాకా వెళ్లింది. కళింగపట్నం ఎండుచేపల వ్యాపారి కలకత్తా కాల్ అడుగుతూ దగ్గాడు. ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. విచిత్రమేమిటంటే వచ్చిన వరసలోనే పోయింది. ముందు విశాఖపట్నం గొంతులు తేరుకున్నాయి, తర్వాత మావి, తర్వాత శృంగవరపుకోట. ఎవరూ ఆపలేదు, ఎవరూ తరమలేదు. దాని నడక చూసి నేను మళ్లీ నోరెళ్లబెట్టాను. శ్రీకాకుళం వంతు కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకున్నాను.

ఒక పొద్దున ఆ లైను మీద చీలిపోయిన బొంగురు గొంతు "హలో" అంది. నాకు ఒళ్లు మండింది.

"ఎవరయ్యా నువ్వు? రోజూ ఉండే అబ్బాయి ఏడి? మా అప్ప సంగతి చెప్పాలి నాకు, పిలు!"

"నానేనే గుంటా."

హాలంతా తిరిగి చూసేలా ఏడ్చాను. ఆవిడ ఊరుకోమంది. పాత గొంతు ఇక రాదన్నారట, మనిషి మిగిలింది కదా అంది. నాకు ఆగలేదు. కడుపులో ఉన్నదంతా కక్కేశాను. "డాక్టర్లు మాటాడుకున్నది నాను ఇన్నాను అప్పా. పక్కన కూకుంటే అంటుకుంతాదని తెలిసే నిన్ను రమ్మన్నాను. నిన్ను సంపీబోయినాను."

"నానూ ఇన్నానే" అంది ఆ బొంగురు గొంతు. "ఆ డాక్టర్ల ఫోను ఇటునుంచి కలిపింది నాను కాదేటి? ఇనీసే బస్సెక్కినాను."