మేం రాయని నాలుగు లైన్లు

దగ్గరికి జరిగి కూర్చోండి. ఒళ్లో బియ్యం చాట ఉంటే ఉండనివ్వండి, రాళ్లు ఏరుకుంటూనే వినొచ్చు. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. మౌలాలిలో మా రైల్వే క్వార్టర్‌లో, సాయంత్రం టీ వేళకి, నా కళ్ల ముందే జరిగింది.

ముందే చెప్పేస్తున్నాను, నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మేం క్రైస్తవులం. మాకు తెలిసిన దయ్యాలు బైబిల్లో పందుల్లోకి దూరి నీళ్లలో పడి పోయినవే. "పోయినవాళ్లకి నీతో ఏం పనే?" అనేది మా అమ్మ, చిన్నప్పుడు నేను పెరట్లోకి వెళ్లడానికి భయపడితే. ఆ మాట మీదే పెరిగాను. నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది గానీ, చూసిందీ విన్నదీ మర్చిపోయే అలవాటు లేదు.

అప్పటికి రాష్ట్రం ఇంకా ఒక్కటే. మాది గుంటూరు వైపు. మామగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు, తర్వాత మా ఆయనకి వర్క్‌షాపులో ఉద్యోగం వచ్చింది. ఇంట్లో మేమిద్దరం, అత్తగారు, మామగారు, మా ఆడపడుచు సువార్త. సువార్త నాకంటే చిన్నది. సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేటలో ఒక స్కూల్లో తెలుగు టీచరు.

మా అత్తగారు రాహేలమ్మగారు ఇంటిని రైలు నడిపినట్టు నడిపేవారు. రైలుకి గార్డు మామగారే గానీ, ఇంట్లో జెండా ఆవిడ చేతిలో ఉండేది. క్రిస్మస్ స్టార్ సంగతే చూడండి. ఏటా జనవరి మొదటి వారంలో దాన్ని దింపించి, బల్బుల తీగ చుట్ట చుట్టి, రేకు పెట్టెలో సర్ది, పెట్టెకి తాడు కట్టి అటక ఎక్కించేవారు. ఆ ముడి ఆవిడే వెయ్యాలి. ఆవిడ వేసిన ముడి మాలో ఎవరికీ ఊడేది కాదు, మళ్లీ డిసెంబరులో ఆవిడే విప్పాలి.

ఆ ఏడాది కూడా అలాగే కట్టి పైన పెట్టించారు. ఫిబ్రవరిలో ఒక ఉదయం టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నావిడ అలాగే ఒరిగిపోయారు.

సమాధికి తీసుకెళ్లే ముందు శవపెట్టె చుట్టూ నిలబడి ఫోటో తీయించుకోవడం మాలో ఆనవాయితీ. ఈ ఫోటో గుర్తుపెట్టుకోండి. అందులో మామగారు నోరు తెరిచి ఏడుస్తున్నారు, పైవరస పళ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అవి కట్టుడు పళ్లు. అత్తగారి చేతిలో తెల్ల రుమాలు ఉంది. దాని అంచుకి నీలం దారంతో పువ్వు కుట్టింది నేను. ఆ చేతిలో పెట్టిందీ నేనే.

సమాధి నుంచి ఇంటికొచ్చి చూసేసరికి మామగారి నోట్లో పళ్లు లేవు. ఆటో వెతికాం, చర్చి ఆవరణ వెతికాం, పువ్వుల బుట్టలు దులిపాం. చివరికి మామగారే తేల్చేశారు. ఆఖరిసారి నుదురు ముద్దుపెట్టుకోవడానికి వంగినప్పుడు ఊడి పెట్టెలో పడ్డాయట, ఆ మీదట మేకులు కొట్టేశారట. తవ్వి చూద్దామా అని మా ఆయన అననే అన్నారు. అని, తనే నోటి మీద చెయ్యి వేసుకున్నారు.

నవ్వుకున్నాం కూడా. పాపం అనుకోకండి, చావింట్లో నవ్వొస్తే ఆపుకోవడం ఎంత కష్టమో మీకూ తెలుసు. కానీ రెండు వారాలయ్యేసరికి నవ్వు పోయింది. కొత్త పళ్లు కట్టించడానికి మా ఆయన సికింద్రాబాద్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళితే, కుర్చీలో కూర్చుని నోరు తెరవలేదు.

"నా పళ్లు మీ అమ్మ దగ్గర జాగ్రత్తగానే ఉన్నాయిరా. వెళ్లాక ఇస్తుంది" అన్నారట.

వెళ్లాక అంటే ఎక్కడికో ఎవరికీ చెప్పక్కర్లేదు. పొద్దున గంజి, రాత్రి గంజి. అదీ సగం గ్లాసు. చొక్కా భుజాల మీద నుంచి జారిపోయేది. ఇలాగైతే వర్షాకాలం దాటరని డాక్టరు మా ఆయన్ని పక్కకి పిలిచి చెప్పాడు.

ఒకరోజు గంజి గ్లాసు ముందు పెట్టి, ఏం చేయాలో తోచక, నేను అత్తగారిలా నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆవిడ గొంతుతో అన్నాను: "గ్లాసు వంక అలా చూస్తే అది తాగదయ్యా, నువ్వే తాగాలి."

మామగారు ఫక్కున నవ్వారు. నవ్వి, గ్లాసు ఖాళీ చేశారు.

అప్పుడే స్కూలు నుంచి వచ్చిన సువార్త గుమ్మంలో నిలబడి విన్నది. "వదినా, ఇంకోటి చెప్పు" అని చేతిలో ఉన్న కాగితాల వెనకే రాసుకోవడం మొదలుపెట్టింది. సీరియల్ అలా పుట్టింది.

దాని పేరు 'ఆవిడ ఇంట్లోనే ఉంది'. పోయిన అత్తగారు మూడో రోజుకి తిరిగొస్తుంది. ఎందుకంటే తన ఆదరణ కూడికలో, అంటే సంతాప ప్రార్థనలో, అందరూ లేచి చెప్పిన సాక్ష్యాలు ఆవిడకి నచ్చలేదు. ఆవిడ అమృతమూర్తి అని పొగిడినవాడి పక్కన నిలబడి, నా దగ్గర తీసుకున్న గొడుగు ఏదిరా అని అడుగుతుంది, వాడికి వినపడదు. అప్పట్నుంచి ఆ ఇంట్లో కుక్కర్ కూతలు లెక్క తప్పుతాయి, కోడలు ఉప్పు మర్చిపోతే డబ్బా దానంతటదే ముందుకు జరుగుతుంది. విజయవాడ నుంచి వచ్చే ఒక వారపత్రిక వాళ్లు తీసుకున్నారు. మా పాస్టరుగారు మాత్రం, మూడో రోజు లేచింది ప్రభువు, అది అనవద్దమ్మా, నాలుగో రోజని మార్చు అన్నారు. సువార్త మార్చింది.

చెప్పేది నేను, రాసేది ఆ పిల్ల. నేను చెప్పింది వంటింటి మాట. అది కాగితం మీదికి వెళ్లేసరికి ఎక్కడ నవ్వామో అక్కడే కళ్లు తుడుచుకోవాల్సి వచ్చేది. ఆ విద్య నాకు లేదు. ఒక మాట తీసేసి, అదే కథని వందమంది ఇళ్లలోకి పంపడం ఎలాగో ఆ పిల్లకే తెలుసు. ఎవరెవరో ఉత్తరాలు రాసేవారు, మా అత్తగారిని మీరెక్కడ చూశారండీ అని.

పక్క క్వార్టర్ యాదమ్మకి చదువు రాదు, వినడానికి మాత్రం వారం తప్పకుండా వచ్చేది. "ఏందక్కా, సచ్చిపోయిన అత్తను తెచ్చి మళ్ల ఇంట్ల కూసోబెట్టుకున్నరు. ఉన్నప్పుడు పడ్డ తక్లీఫ్ సాల్లేదా?" అనేది. అని, ముందు వరసలో కూర్చునేది.

మామగారు నవ్వేవారు. కానీ గంజి గంజిగానే ఉంది. పళ్ల మాట ఎత్తితే గోడవైపు తిరిగేవారు.

సువార్త రాసే పద్ధతి చెప్పాలి. కాగితానికి ఒకవైపే రాసేది, కింద కార్బన్ పెట్టి. పోస్టులో పోతే ఉంటుందని ఆ నకలు బిస్కెట్ డబ్బాలో దాచేది. అసలు ప్రతి మా ఆయన డ్యూటీకి వెళ్తూ పోస్టు చేసేవారు.

పదకొండో భాగం పత్రికలో అచ్చయి వచ్చిన రోజు వాన పడుతోంది. మామగారు పేము కుర్చీలో, యాదమ్మ గడప దగ్గర, నేను టీ వడపోస్తూ. సువార్త చదువుతోంది. ఆ భాగంలో ముసలాయన గంజి తాగుతుంటే పోయిన ఆవిడ చూడలేక మొహం తిప్పుకుంటుంది. రాసేటప్పుడు అక్కడితో ఆపాం. నాకు బాగా గుర్తు. కానీ సువార్త ఆగలేదు, చదువుతూనే పోయింది:

"నీ పళ్లు నేనెందుకు తీసుకుపోతానయ్యా, నాకున్నవి చాలవా? ఊడి నా మీద పడితే తీసి దాచాను. స్టార్ పెట్టెలో, బల్బుల తీగ కింద ఉన్నాయి. క్రిస్మస్ దాకా ఇలా గంజి తాగుతూ కూర్చోకు, నేను చూడలేను."

సువార్త పత్రిక దించింది. "వదినా, ఇది నువ్వు చెప్పావా?"

లేదన్నాను. నువ్వే కలిపావనుకున్నాను అన్నాను. ఆ పిల్ల లేచి బిస్కెట్ డబ్బా తెచ్చి నకలు తీసింది. మొహం తిప్పుకోవడంతో అయిపోయింది. దాని కింద నాలుగు లైన్లు పట్టేంత చోటు ఖాళీగా ఉంది.

మామగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. "అబ్బాయిని నిచ్చెన వెయ్యమను" అన్నారు.

మా ఆయన పెట్టె దింపారు. మూత మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. తాడు మీద అత్తగారి ముడి, జనవరిలో వేసింది వేసినట్టే ఉంది. ఎప్పటిలాగే మాకు ఊడలేదు, కత్తిపీటకి పెట్టి తాడు కోశాం. పైన స్టార్. దాని కింద బల్బుల తీగ చుట్ట. ఆ చుట్ట కింద ఒక రుమాలు మూట.

మూట విప్పక ముందే గుర్తుపట్టాను. అంచుకి నీలం పువ్వు ఉంది. కుట్టులో ఒక రేకు నేను వంకర కుట్టాను, ఆ వంకర కూడా ఉంది.

లోపల మామగారి పళ్లు.

ముందు తేరుకున్నది యాదమ్మే. "ఇగ తినుండ్రి తాతా. లేకుంటే ఆమె మళ్లొస్తది" అంది మెల్లగా.

మామగారు పళ్లని వేడినీళ్లలో ఉప్పేసి కడిగి పెట్టుకున్నారు. డబ్బాలోంచి ఒక జంతిక తీసుకున్నారు. అది కొరికిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నెమ్మదిగా నమిలి, మింగి, గోడ మీద అత్తగారి ఫోటో వంక చూసి అన్నారు: "నీ చేతి జంతికలంత కరకరగా లేవు రాహేలూ."

అవి నేను చేసినవి. నాకు కోపం రాలేదు. వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆ రాత్రి ఆయన అన్నం తిన్నారు. ఆ వర్షాకాలం దాటారు. దాని తర్వాత తొమ్మిది క్రిస్మస్‌లు చూశారు.

సువార్త పత్రిక వాళ్లకి ఉత్తరం రాసి అసలు కాగితం తెప్పించింది. ఆ నాలుగు లైన్లు అందులో ఉన్నాయి. చేతిరాత తనదే, సిరా తనదే. "అక్షరాలు నావే వదినా. రాసింది మాత్రం నేను కాదు" అంది. నిద్రమత్తులో రాసి ఉంటుందని మా ఆయన అన్నారు, అనుకుందాం. మరి ముడి ఊడని పెట్టెలోకి పళ్లెలా వెళ్లాయి? నేను చేతిలో పెట్టగా మట్టిలోకి వెళ్లిన రుమాలు అటక మీదికి ఎలా వచ్చింది? ఫోటో ఉంది, రుమాలు ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చాలాసార్లు చూశాను. పాస్టరుగారికి చూపిస్తే ప్రార్థన చేశారు.

ఆ తర్వాత కూడా సీరియల్ చాలా వారాలు నడిచింది. ఆ రోజు నుంచి సువార్త ప్రతి భాగం చివర నాలుగు లైన్ల చోటు వదిలేది. ఎందుకే అంటే, "అమ్మ ఏమైనా చెప్పాలనుకుంటే ఇరుకవుతుంది కదా" అనేది. నవ్వుతూనే అనేది. పోస్టు చేసే ముందు మాత్రం ఒకసారి ఆ ఖాళీ వంక చూసుకునేది. మళ్లీ ఎప్పుడూ అందులో ఏమీ రాలేదు.

దయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. మా అత్తగారి మీద ఉంది. అంతకు మించి నేను చెప్పలేను.

ఇంతసేపు కూర్చుని విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పెద్దవాళ్ల కంచంలో అన్నం ఉండాలి, అది నమిలే ఓపిక వాళ్లకుండాలి. మీ ఇంటి అటక మీద దుమ్ము పట్టిన పెట్టె ఏది విప్పినా, అందులో మీ కోసం ఎవరో దాచిపెట్టిన మంచే బయటపడాలి.