కరీముల్లా చీటీ

దయ్యాల మాట ఎత్తితే నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఇప్పటికీ నమ్మకం లేదు. ఈ ఒక్కటి మాత్రం మింగుడు పడలేదు.

దివిసీమని ఉప్పెన ముంచిన ఏడాది. గుడివాడలో ఎరువుల కంపెనీ హెడ్డాఫీసులో ఉండేవాణ్ణి. కార్డులు చదివి లిస్టులు అచ్చువేసే మిషన్లు కొత్తగా వచ్చాయి. ఏ పని తర్వాత ఏ పని, ఏ తేదీలోగా నడవాలో సుద్దతో రాసే గోడబోర్డు నాది. డిపో గుమాస్తా పంపిన ‘పని పూర్తి’ చీటీ బోర్డు కొక్కేనికి పడితే తర్వాతి పని మొదలవుతుంది. గడువులోగా పడకపోతే ఆయన పేరున ‘పనికి రాలేదు’ నోటీసు దానంతటదే అచ్చవుతుంది. మధ్యలో మనిషి ప్రమేయం లేదని గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

దివిసీమ డిపో గుమాస్తా కరీముల్లాది బందరు. ఇద్దరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. ఉప్పెనకి ముందురోజు బందరు పోస్టాఫీసు నుంచి ఫోన్ చేశాడు.

“గాలి చూస్తే భయంగా ఉంది బావా. చీటీ ఒక్కరోజు ఆగి పంపుతా.”

“నా చేతిలో ఏముంది బావా? నోటీసు వచ్చేస్తుంది” అన్నాను.

అబద్ధం. గడువు తేదీ మార్చే సుద్దముక్క నా జేబులోనే ఉంది. అతను డిపోకి వెళ్ళి, ఆ నెల చీటీ పంపి, అక్కడే ఉండిపోయాడు. ఉప్పెన తర్వాత అక్కడ పునాది రాళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. శవం కూడా దొరకలేదు.

మరుసటి నెల గడువు రోజున, పట్టపగలు, కొక్కేనికి దివిసీమ చీటీ ఉంది. అతని రాతే. పాత చీటీ తర్వాతి నంబరే. ఆ చీటీల పుస్తకం ఒక్కటే, అదీ డిపోలోనే ఉండేది. కాయితం పొడిగా ఉంది. తగిలించింది ఎవరని అడిగితే అందరూ ‘నేను కాదు’ అన్నారు.

వరసగా మూడు నెలలు వచ్చింది. అతని ఉద్యోగం తనకిమ్మని భార్య పెట్టుకున్న అర్జీని మేనేజరు పక్కన పెట్టాడు. “చీటీ వచ్చాక మనిషి డ్యూటీలో ఉన్నట్టేగా!”

ఆమె ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఆఫీసుకొచ్చింది. చీటీ చూపించాను. చాలాసేపు వేలితో అక్షరాలు తడిమింది.

“ఆయన రాతేనండీ” అని నాతో అంది. తర్వాత కొక్కెం దగ్గరగా వెళ్ళి, లోపల గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు మెల్లగా అంది: “ఇక చాలండీ. ఇంటికొచ్చెయ్యండి.”

ఆ తర్వాత చీటీ రాలేదు.

గడువు దాటగానే మిషను నోటీసు అచ్చు వేసింది. చెప్పకుండా పని మానేసినందుకు కరీముల్లాని ఉద్యోగం నుంచి తొలగించారు. పని మానేసి పోయినవాడి భార్యకి ఉద్యోగం ఇవ్వరు. ఆమె అర్జీ ఆ మధ్యాహ్నమే కొట్టేశారు.

సుద్దముక్క అప్పుడూ నా జేబులోనే ఉంది. మేనేజరుకి భయపడి తీయలేదు.

ఆ మూడు చీటీలు ఎవరు తగిలించారో నాకు ఇప్పటికీ తెలియదు. నోటీసు మీద ముద్ర వేసి, బందరులో ఆమె చిరునామా రాసి, పోస్టు డబ్బాలో వేసింది మాత్రం నేనే.